యూమెయ్ నోరు జారిన పిలుపు

మా ఊరు షీగౌలో వసంతం వచ్చిందని చెప్పడానికి పూలు అక్కర్లేదు. ఊరి చివర ఎండబెట్టే మైదానంలో పెసర సేమ్యా వేలాడితే చాలు. బారులు బారులుగా కర్రల మీద, మనిషి ఎత్తున, తెల్లగా, తడితడిగా. పొద్దున్న పొగమంచు కమ్మినప్పుడు అటు చూస్తే ఏది మంచో ఏది సేమ్యానో తేలదు. గాలి కాస్త కదిలితే ఊరంతా పలచటి తెరలు కట్టుకుని ఊగుతున్నట్టుంటుంది. పంతులమ్మ ఉద్యోగం అయిపోయింది, నాకిప్పుడు బడి లేదు, గంట లేదు, హాయిగా పడుకోవచ్చు. అయినా తెల్లారగానే చెప్పులేసుకుని అటే పోతాను. ఎందుకంటే ఆ తెరల మధ్య యూమెయ్ ఉంటుంది, ఆమె మాటలు వినకపోతే నాకు టీ రుచించదు.

లువాన్ యూమెయ్ మా పక్కింటి కోడలు. పక్క ఊరి పిల్ల, చిన్నప్పుడు నడుచుకుంటూ మా బడికే వచ్చేది. లెక్కల్లో అంతంత మాత్రం, చేతిరాత చూస్తే కోడి గీకినట్టు, కానీ నోరు మాత్రం దేవుడిచ్చిన వరం. మనుషులతోనే కాదు, వస్తువులతో కూడా మాట్లాడుతుంది. సేమ్యా కర్రని "కాస్త పక్కకి జరగవే తల్లీ" అంటుంది. గాలిని "ఒసేవ్, ఇప్పుడు కాదు, మధ్యాహ్నం రా" అని కసురుతుంది. చేతులు ఒక పని చేస్తుంటే నోరు ఇంకో ఊరు వెళ్ళొస్తుంది. సేమ్యా ఫ్యాక్టరీలో ఆమె పని తడి సేమ్యాని కర్రల మీద పరచడం, ఒకదానికొకటి అతుక్కోకుండా వేళ్ళతో విడదీయడం. అది చూస్తుంటే పెళ్ళికూతురికి తల దువ్వుతున్నట్టుంటుంది.

మొగుడు బావోషాన్ ఓడ మీద పని చేస్తాడు, ఏడాదిలో ఎక్కువ భాగం సముద్రంలోనే. కూతురు పట్నంలో చదువుతోంది. ఇంట్లో యూమెయ్, మామగారు సుయ్ దెంగ్‌హాయ్, ఇద్దరే.

దెంగ్‌హాయ్ బాబాయి జీవితమంతా పెసర జాడీల మధ్యే గడిచింది. పెసలు నానేసి, రుబ్బి, వడగట్టి, అందులో పులుపునీళ్ళు కలిపి పెడితే తెల్లపిండి మెల్లగా అడుక్కి దిగుతుంది, పైన పచ్చనీళ్ళు తేలతాయి. తెల్లపిండి సేమ్యాకి, పచ్చనీళ్ళు పందులకి. మా ఊళ్ళో ఇది రాత్రీ పగలూ లాంటి సంగతి, దాని గురించి ఎవరూ ఆలోచించరు. ప్రతి ఇంటి వెనకా ఒక దొడ్డి, సాయంత్రం ఆడవాళ్ళు గరిటె జాడీ అంచుకి తట్టి "లౌ లౌ లౌ" అని పిలిచేవాళ్ళు. పందులు గెంతుకుంటూ వచ్చేవి. ఇప్పుడు పందులు లేవు, దొడ్లలో కొందరు స్కూటర్లు పెట్టుకున్నారు, కొందరు ముల్లంగి వేశారు. ఫ్యాక్టరీ వాళ్ళు పచ్చనీళ్ళని పారబోయకుండా ఆరబెట్టి పొడి చేస్తున్నారు. పెసల్లో ఉండే బలమంతా అందులోనే పోతుందట. ప్రోటీన్ అని సంచుల మీద అచ్చేసి ఎక్కడెక్కడికో పంపుతారు. పట్నాల్లో దాంతో గుడ్డు లేని గుడ్డట్టు వేసుకుంటారట, మాంసం లేని మాంసం వండుకుంటారట. మా ఊరివాళ్ళు మాత్రం ఆ సంచులు లారీ ఎక్కుతుంటే చూసి నవ్వుకుంటారు. "మన కుడితి లారీ ఎక్కి పోతోందిరా" అంటారు.

చలికాలం చివర దెంగ్‌హాయ్ బాబాయికి ఊపిరితిత్తుల జ్వరం పట్టుకుంది. జ్వరం పోయింది కానీ మనిషిలో సగాన్ని పట్టుకుపోయింది. కింద సెగ పెట్టే వెచ్చటి ఇటుక మంచం మీద బొంత కింద పడుకుంటే అక్కడ మనిషి ఉన్నట్టే తెలిసేది కాదు. డాక్టరమ్మ వచ్చి చేయి పట్టి చూసి, పిక్క నొక్కి చూసి, యూమెయ్‌ని వాకిట్లోకి పిలిచింది.

"కండ కరిగిపోతోందమ్మా. ప్రోటీన్ లోపలికి వెళ్ళాలి. వెళ్తే లేచి తిరుగుతాడు. వెళ్ళకపోతే ఇంక ఆ మంచం దిగడు, నీకు దాపరికం లేకుండా చెప్తున్నాను."

"మాంసం ముట్టరండీ. మా అత్తగారు పోయినప్పట్నుంచీ గుడ్డు కూడా మానేశారు. మొక్కుకున్నారు."

"సోయా పనీర్ పెట్టు."

"అది తింటే ఒళ్ళంతా దద్దుర్లండీ. గోక్కోడానికి ఆయనకి బలమేది?"

డాక్టరమ్మ "పెసల ఊళ్ళో ఉండి నన్నడుగుతావేం?" అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు సాయంత్రం బావోషాన్ ఫోన్ చేశాడు. వెనక సముద్రం హోరు. "నాన్నని గుమ్మంలో కూర్చోబెట్టి ఉంచు. నేనొచ్చేసరికి అక్కడ కనపడాలి" అన్నాడు. యూమెయ్ "సరే" అంది. ఆ "సరే" ఆమె గుండెల మీద రాయిలా కూర్చుంది. నాకు తెలుసు, నేను గోడకి ఇవతల నిలబడి ఉన్నాను మరి.

మర్నాటి నుంచీ ఆ ఇంట్లో రుబ్బురోలు మోగింది. ఫ్యాక్టరీ పొడి జావలో కలిపితే ఉండలు కట్టింది, బాబాయి పక్కకి ఊసేశాడు. అందుకని యూమెయ్ ఇంట్లోనే పెసలు నానేసింది. పులుపునీళ్ళు కలిపింది. తెల్లపిండి దిగాక పచ్చనీళ్ళు వంచి సన్నసెగ మీద పెట్టింది. అబ్బ, ఆ వాసన! తొలకరిలో పెసరచేను పక్కన నిలబడ్డట్టు, కాస్త పచ్చిగా, కాస్త పుల్లగా. నీళ్ళు కాగేకొద్దీ మబ్బులు మబ్బులుగా విరిగాయి. గుడ్డలో వడగట్టి నొక్కితే లేత పసుపు ముద్ద వచ్చింది, వేలు పెడితే వణికేంత మెత్తగా. నేను రుచి చూశాను. వేడివేడిగా జున్నులాగా జారిపోయింది.

"ఇది పందులు తిన్నాయంటావా ఇన్నాళ్ళూ?" అన్నాను.

"అవి మనకంటే తెలివైనవి టీచరుగారూ. ఎప్పుడైనా ఒక్క పందైనా సేమ్యా కావాలని అడిగిందా?"

ఇద్దరం నవ్వుకున్నాం. గదిలో బాబాయి కూడా కదిలాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు, మోచేయి ఆనించి లేచి కూర్చోబోతున్నాడు. తలుపుకి కట్టిన తెరలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. చాలా రోజుల తరవాత ఆ మనిషి తిండి వాసనకి లేస్తున్నాడు. యూమెయ్ మంచి గిన్నె తీసింది, నీలం పూలది. గరిటెతో ముద్ద ఎత్తి గిన్నెలో వేసింది. గరిటెకి అంటుకున్నది రాలడానికి గిన్నె అంచుకి టక్‌టక్‌మని తట్టింది.

తట్టి, "లౌ లౌ లౌ" అంది.

ఎలా అందో ఆమెకే తెలియదు. చిన్నప్పట్నుంచీ పచ్చనీళ్ళు, గరిటె, టక్‌టక్, లౌ లౌ లౌ, అన్నీ ఒకే దండలో గుచ్చుకుని ఉన్నాయి. ఒకటి లాగితే అన్నీ వచ్చాయి. పొయ్యి మీద నీళ్ళు కుతకుతమంటున్నాయి. యూమెయ్ గరిటె అలాగే పట్టుకుని నావైపు చూసింది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

గదిలో బాబాయి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. మెల్లగా పడుకున్నాడు. గోడవైపు తిరిగాడు.

"మామయ్యా! అయ్యో మామయ్యా, అలవాటులో వచ్చేసింది మామయ్యా! నా నోట్లో పురుగులు పడ! మిమ్మల్ని కాదు, ఎవర్నీ కాదు, గరిటెని అన్నాను!"

గోడ ఏమంటుంది? బాబాయి కూడా అంతే.

ఆ తరవాత ఆయన కొర్రజావ ఒకటి రెండు గరిటెలు తాగేవాడు, వేడినీళ్ళు తాగేవాడు. పసుపు ముద్ద కనిపిస్తే మాత్రం పెదాలు బిగించేసేవాడు. కోప్పడితే బాగుండేది. తిడితే యూమెయ్‌కి ఇంకా బాగుండేది. ఏమీ లేదు. కళ్ళు మూసుకుని ఎటో వెళ్ళిపోయేవాడు. ఏదో గొణిగేవాడు, నిద్రో మెలకువో తెలిసేది కాదు. రోజురోజుకీ బొంత మరీ చదునుగా కనిపించసాగింది.

ఊళ్ళో ఇలాంటి కబురు దాగుతుందా? బాబాయి వరస తమ్ముడు దెంగ్‌కూయ్ గేటు దగ్గర నిలబడి పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ అడిగాడు.

"ఏమ్మా యూమెయ్, మీ మామని ఇంట్లోనే ఉంచారా, దొడ్లోకి మార్చారా?"

"దొడ్డి మీకోసం ఊడ్చి పెట్టాను చిన్నమామయ్యా. ఎప్పుడొస్తారు?"

జవాబు చెప్పి లోపలికొచ్చి ఏడ్చింది. అదీ యూమెయ్. నోటికి తడి ఆరదు, కళ్ళకీ ఆరదు.

నేనూ ఊరుకోలేదు. జీవితమంతా మొండి పిల్లలకి పాఠం చెప్పినదాన్ని, ఒక ముసలాయనకి చెప్పలేనా? ఫ్యాక్టరీ సంచీ మీద ఉన్నదంతా రాసుకుని తీసుకెళ్ళి మంచం పక్కన కూర్చుని గట్టిగా చదివాను. పట్నంలో పెద్దపెద్దవాళ్ళు ఇదే తింటున్నారన్నాను. కండకి మంచిదన్నాను, ఎముకకి మంచిదన్నాను, భూమికి కూడా మంచిదన్నాను. బాబాయి ఓపిగ్గా విన్నాడు. అన్నీ విని కళ్ళు తెరవకుండానే అన్నాడు:

"పంతులమ్మా, గంట కొట్టెయ్. పిల్లలు ఆకలిమీదున్నారు."

ఫోనొచ్చినప్పుడు బావోషాన్ "నాన్న తింటున్నాడా?" అని అడిగాడు. "ఆఁ, తింటున్నారు" అంది యూమెయ్. ఫోన్ పెట్టేశాక చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది. దాంతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ముద్ద మాత్రం చేయడం మానలేదు. పారేయడానికి చేతులు రాక తనే డబ్బాలో పెట్టుకుని పనికి తెచ్చుకునేది. మధ్యాహ్నం సేమ్యా కర్రల పక్కన కూర్చుని చప్పగా అదే తినేది. దానివల్ల ఆమె బుగ్గలు మాత్రం నున్నగా అయ్యాయి, అది చూసి మరీ బాధపడేది.

"చూడండి టీచరుగారూ, ఎవరికోసం చేశానో ఆయన ఎండిపోతున్నారు, నేను బలుస్తున్నాను. ఊరు ఏమనుకుంటుంది?"

ఎండ తగిలితే మంచిదని డాక్టరమ్మ అంది. అంతకంటే ఆమె కూడా ఏం చెప్పగలదు? ఒక పొద్దున్న యూమెయ్ పాత చెక్క తోపుడుబండి మీద బొంతలు పరిచి, మామగారిని ఎత్తి అందులో కూర్చోబెట్టింది. ఎత్తడానికి నన్ను పిలవనే లేదు. అంత తేలిగ్గా ఉన్నాడు. నేను వెనకాల దిండు పట్టుకుని నడిచాను.

మైదానంలో ఇంకా మంచు విడలేదు. సూర్యుడు పాలలో వేసిన బెల్లంముక్కలా ఎక్కడో కరుగుతున్నాడు. సేమ్యా తెరలు ఒకదాని వెనక ఒకటి, వాటి వెనక ఇంకొకటి, ఎంత దూరం పోయాయో కనపడదు. నీటి చుక్కలు జారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. బండిని రెండు బారుల మధ్య ఆపి, బాబాయి మెడ చుట్టూ బొంత సర్ది, యూమెయ్ తన పనిలో పడింది. తెల్ల టోపీ, తెల్ల ఆప్రాన్. తెరలు విడదీస్తూ ఒకసారి కనపడుతుంది, ఒకసారి మాయమవుతుంది. ఒకచోట చేతులు మాత్రమే, ఇంకోచోట నుదురు మాత్రమే. నాకే కళ్ళు మూతలు పడుతున్నాయి, దిండు ఒళ్ళో పెట్టుకుని పక్కనే మొద్దు మీద కూలబడ్డాను.

"బావోషాన్ వాళ్ళమ్మా."

ఉలిక్కిపడ్డాను. బాబాయి గొంతే. ఆయన భార్య గుయ్‌షియాంగ్ పిన్నిని అలాగే పిలిచేవాడు, పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. పిన్ని పోయాక ఆ పిలుపు మా గోడకి ఇవతల వినపడలేదు. బాబాయి కళ్ళు తెరిచే ఉన్నాయి, తెరల్లోకి చూస్తున్నాడు.

యూమెయ్ చేతులు ఆగిపోయాయి.

"ఇంకా కోపంగా ఉన్నావా?" అన్నాడు బాబాయి.

యూమెయ్ నావైపు చూసింది. నేనేం చెప్పగలను? భుజాలు ఎగరేశాను.

"ఎందుకూ?" అంది యూమెయ్, మెల్లగా, తెర వెనకనుంచే.

"ఆ రోజు నువ్వు జాడీ దగ్గర గిన్నె ముంచుకుని పచ్చనీళ్ళు తాగుతున్నావు. బావోషాన్ కడుపులో ఉన్నాడు. ఇంట్లో నీకు పెట్టడానికి ఏమీ లేదు. నేను చూశాను. నా వెనక పని జట్టువాళ్ళంతా ఉన్నారు."

"ఉంటే?"

"వాళ్ళు నవ్వుతారని ముందే నేను నవ్వేశాను. గరిటె తీసుకుని తట్టాను. లౌ లౌ లౌ అన్నాను." ఆయన గొంతు సన్నటి దారంలా సాగింది. "నువ్వు మూతి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయావు. మళ్ళీ ఎప్పుడూ తాగలేదు. బావోషాన్ పిల్లిపిల్లంత పుట్టాడు. నువ్వు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మొన్న మన వంటింట్లో నువ్వే పిలిచావు కదా, అదే పిలుపు. విన్నాను. ఆ ముద్ద నేనెలా తినను? నీ నోటి దగ్గర నేను లాగేసుకున్నది అది."

అప్పుడర్థమైంది నాకు. ఇన్నాళ్ళూ మేమంతా రోషం అనుకున్నాం. ఊరంతా అదే అనుకుంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నది సిగ్గుతో.

సేమ్యా కొసల నుంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి. యూమెయ్ తెర పక్కకి తొలగించకుండానే, తనది కాని నెమ్మది గొంతుతో, అచ్చం గుయ్‌షియాంగ్ పిన్ని అన్నట్టే అంది:

"బావోషాన్ వాళ్ళ నాన్నా, నువ్వెప్పుడూ ఇంతే, అంతా నీవల్లే జరిగిందనుకుంటావు. నేను మానేసింది నీ నవ్వుకి కాదు."

"మరి?"

"చప్పగా ఉందని. మనింట్లో ఉప్పు లేదు ఆ వేళ."

బాబాయి ఆలోచించాడు. "లేదా?"

"లేదు. నువ్వు కొనుక్కొస్తానని మర్చిపోయావు. దానికైతే కోపం వచ్చింది, చెప్తున్నాను."

ఆ ముసలి మొహంలో ఏదో కదిలింది. నవ్వని చెప్పలేను. ఎక్కడో గడ్డకట్టిన జాడీలో కింద పిండి ఒక్క పొర దిగినట్టు, అంతే.

"ఇవాళ ఉప్పు ఉంది" అంది యూమెయ్. కర్రల కింద పెట్టుకున్న తన డబ్బా మూత తీసింది. నా జేబులో ఉడికించిన వేరుశనగల్లోకి ఉప్పు పొట్లం ఎప్పుడూ ఉంటుంది. చెయ్యి చాపింది, ఇచ్చాను. చిటికెడు చల్లింది. చెంచాతో కొంచెం తను తిని, ఇంకొంచెం తీసి తెరల సందులోంచి చెయ్యి ఒక్కటే బయటికి చాపింది. మంచులోంచి చెయ్యి, చేతిలో చెంచా, చెంచాలో లేత పసుపు ముద్ద వణుకుతూ. "చూడు. నేను తిన్నాను, బాగుంది. ఇప్పుడు నీ వంతు."

బాబాయి పెదాలు తెరిచాడు.

మింగుతాడా ఊసేస్తాడా అని నేను ముందుకు వంగి చూశాను. మింగాడు. గొంతు ముడి పైకీ కిందికీ కదిలింది. ఇంకో చెంచా. ఇంకోటి. మధ్యలో ఆయన ఏడ్చాడేమో, మంచుకి బుగ్గలు తడిశాయేమో, నేను సరిగా చూడలేదు, నా కళ్ళజోడు కూడా మసకబారింది. డబ్బా అడుగు గీసిన చప్పుడు వినిపించింది. ఎండ కాస్త గట్టిపడింది. తెరలు ఒక్కొక్కటే పలచబడి కర్రలు కర్రల్లా కనపడసాగాయి. బాబాయి కళ్ళు చికిలించి చూశాడు.

"యూమెయ్" అన్నాడు, మామూలు గొంతుతో, కాస్త చిరాగ్గా. "ఉల్లికాడ ఎందుకు వెయ్యలేదు?"

"రేపు వేస్తాను మామయ్యా."

"సన్నగా తరుగు. నువ్వు తరిగితే గుర్రాల మేతలా ఉంటుంది."

ఆయన నిజంగానే ఆమెని గుయ్‌షియాంగ్ పిన్ని అనుకున్నాడో, అనుకున్నట్టు మాట్లాడాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ఆగలేక ఆ సాయంత్రమే యూమెయ్‌ని అడిగాను.

"నాకెందుకు టీచరుగారూ అది? డబ్బా ఖాళీ అయింది" అంది ఉల్లికాడలు తరుగుతూ. చాలా సన్నగా తరుగుతోంది, నాలిక బయటపెట్టి మరీ.

ఇక ఆ ఇంట్లో రోజూ అదే. ఒకనాడు ఆవిరి మీద, ఒకనాడు నువ్వులనూనెలో వేయించి, ఒకనాడు సేమ్యాలోనే కలిపి. బాబాయి వంకలు పెట్టని పూట లేదు. పులుపు తక్కువైందంటాడు, నొక్కడం ఎక్కువైందంటాడు. తిట్లు వినపడుతుంటే గోడకి ఇవతల నాకు పాటలా ఉండేది. ముందు మంచం అంచున కూర్చున్నాడు, తరవాత కాళ్ళు కిందపెట్టాడు, ఆ తరవాత గోడ పట్టుకుని గుమ్మం దాకా. ఈసారి బావోషాన్ ఫోన్ చేస్తే యూమెయ్ మాట్లాడలేదు, ఫోన్ మామగారి నోటి దగ్గర పెట్టింది. "నీ పెళ్ళాం నన్ను చంపేస్తోందిరా, ఒకటే తిండి" అని అటువైపు సముద్రం అదిరేలా అరిచాడాయన.

సమాధుల పండగనాటికి కొండ మీద మా వాళ్ళ సమాధుల దగ్గరికి ఆయన తన కాళ్ళ మీదే ఎక్కాడు. చేతికర్ర ఒక చేత్తో, నీలం పూల గిన్నె ఇంకో చేత్తో. ఎవరికీ ఇవ్వలేదు. గుయ్‌షియాంగ్ పిన్ని రాయి దగ్గర కలుపు పీకి, గిన్నె పెట్టాడు. ఉల్లికాడ, నువ్వులు, అన్నీ ఉన్నాయి.

దెంగ్‌కూయ్ చూసి ఊరుకుంటాడా?

"అన్నా! పోయినవాళ్ళకి పళ్ళు పెడతారు, రొట్టెలు పెడతారు. కుడితి పెట్టినవాణ్ణి నిన్నే చూశాను!"

యూమెయ్ నోరు తెరవబోయింది. బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకు తెలీదురా. ఆవిడకి ఇది ఇష్టం" అన్నాడు. "నేనే పెట్టలేదు."

పోయినవాళ్ళ పేర అంటించిన కాగితాలు కాలి బూడిద లేచింది. పెట్టినవాటిని అక్కడే కూర్చుని పంచుకు తినడం మా అలవాటు. రొట్టెలు, పళ్ళు అందరికీ వచ్చాయి. ఆ గిన్నె వంతు కోసం నేను చూస్తూనే ఉన్నాను. బాబాయి దాన్ని ఒళ్ళోకి తీసుకుని, రాయికి ఆనుకుని, మెల్లగా అంతా తనే తినేశాడు.